గుడి పిల్లుల కడుపు

మా గుడి పిల్లులకు పేర్లు ఉండేవి కావు. పేరు పెట్టి పిలిస్తే అది ఇంటి పిల్లి అయిపోతుందని, గుడి పిల్లికి పేరు అక్కర్లేదని మా అత్త అనేది. గుడి అంటే తిరువళ్ళూరులో రైలు కట్టకు ఇవతల, మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు కూడుకునే పెంకుల మందిరం. అమావాస్యకు వీరరాఘవ స్వామి కోవెలకు వచ్చే జనం ముందు మేం గుప్పెడుమందిమి. మగవాళ్ళు చాలామంది తెల్లారక ముందే కరెంటు రైలెక్కి మద్రాసు దారిలోని ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళు. ఆడవాళ్ళలో కొందరు ఆసుపత్రిలో, కొందరు బడుల్లో ఆయాలుగా పనిచేసేవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ప్రార్థనలో మళ్ళీ తెలుగు.

నేను డెబ్బైల చివర తిరుత్తణి పక్కనున్న కే.జీ.కండిగై నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మా అత్త గుడి తాళాలు చూసుకునేది. ఊడ్చడం, బెంచీలు తుడవడం, గంట కొట్టడం అన్నీ ఆమె పనే. అన్నిటికంటే పెద్ద పని బియ్యం కాపలా. మా సంఘంలో ప్రతి ఇంటి ఆడమనిషీ వంటకు బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోస్తుంది. ఆదివారం ఆ డబ్బాలన్నీ గుడికొచ్చి, ప్రార్థన అయ్యాక పక్క గదిలోని గోనెలో పడతాయి. పిల్లలు లేని ముసలివాళ్ళకు, పని పోయిన ఇళ్ళకు అందులోంచే కొలిచి ఇచ్చేవాళ్ళు. ఆ గోనెకు ఎలుకలు తూట్లు పొడిచేవి. ఒక్కోసారి పందికొక్కులు కూడా వచ్చేవి. అందుకనే గుడిలో ఒక పిల్లి ఉండేది. గదిలో పాత బెంచీ కింద అది మూడు కూనల్ని పెట్టింది. వాటికి ఇంకా కళ్ళు సరిగా విచ్చుకోకముందే తల్లి రోడ్డు దాటుతూ లారీ కింద పడి చచ్చిపోయింది.

ఒకటి నల్లది, ఒకటి చారలది, ఒకటి బూడిద రంగుది. మా అత్త గుడ్డ పీలికను పాలలో ముంచి వాటి నోట్లో పెట్టి బతికించింది. ఎవరైనా అడిగితే, "బియ్యం కోసరం లే" అనేది. బియ్యం కోసం అయితే కూనను రొమ్ముకు ఆనించుకుని కొంగు కప్పుకోనక్కర్లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

పాల తర్వాత పాలన్నం, తర్వాత పెరుగన్నం. కూనలు పెరిగాయి. పెరిగాయంటే పొట్టలు పెరిగాయి. కాళ్ళు సన్నగా, పొట్టలు తబలాల్లా ఉండేవి. బూడిద పోసిన తట్టలో అవి వెళ్ళేది పలచగా, పులిసిన పిండి వాసనతో ఉండేది. ఎలుకలు వాటి కళ్ళముందే గోనె ఎక్కేవి. చారలది ఒకసారి ఎలుకను చూసి భయపడి మా అత్త చీర కుచ్చిళ్ళలో దూరింది. అది నేను కళ్ళారా చూశాను.

నేను అప్పటికే ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని. చిన్నప్పటినుంచీ నాకు ఏది చూసినా అది వాక్యంలో ఎక్కడుందా అని వెతికే అలవాటు. పాలు తాగేవాడు ఇంకా పసివాడే, బలమైన ఆహారం ఎదిగినవాళ్ళది అని అపొస్తలుడు సంఘాలకు రాసింది ఆ వారం స్త్రీల కూడికలో చదివాం. చదివి ముగించగానే నాకు పక్కగదిలోని పొట్టలే గుర్తొచ్చాయి. ఇవి ఇంకా పాలమీదే ఉన్నాయి, బలమైన ఆహారం పెడితే గదా ఎలుకను చూసి నిలబడతాయి అన్నాను. కండిగైలో మా దొడ్డి పిల్లులు పచ్చి మాంసం తప్ప ఏమీ ఎరగవు, ఒక్కొక్కటి పులిలా ఉండేది అని కూడా చెప్పాను.

ఆడవాళ్ళకు ఆ మాట నచ్చింది. అపొస్తలుడు రాసిన వాక్యాన్ని కూనలకు కూడా వర్తింపజేయడం వాళ్ళకు ముచ్చటగా తోచినట్టుంది. మా ఇళ్ళలో మాంసం ఆదివారమే. తెల్లవారుజామునే కటికాయన దగ్గర తామరాకులో కట్టించుకుని వచ్చి, కడిగి పెట్టుకుని, గుడికి పోయొచ్చాక వండుకుంటాం. పిడికెడు బియ్యం తీసినట్టే ఆ మాంసంలోంచి ఒక చిటికెడు పచ్చిది పిల్లులకు తీసి, బియ్యం డబ్బాతో పాటు పట్టుకురావాలని అక్కడే తీర్మానం అయిపోయింది. ఎవరూ వద్దనలేదు. ఒకామె మాత్రం, సింహం కూడా ఎద్దులా గడ్డి మేసే రోజొకటి వస్తుందని ప్రవక్త చెప్పాడు కదా, అప్పుడీ పిల్లులు మళ్ళీ పెరుగన్నానికే రావాలి అంది. అప్పటిదాకా తిననీ అని మా అత్త అంది.

మొదటి ఆదివారం తామరాకు పొట్లాలు బల్లమీద వరసగా కూర్చున్నాయి. ఒకదాంట్లో ఏట మాంసం, ఒకదాంట్లో కోడి పేగులు, ఒకదాంట్లో చేప తలకాయ, ఒకదాంట్లో ఏమిటో మాకూ తెలియని కొవ్వు. ఆరాధన అయ్యాక మా అత్త అన్నీ ఒక మట్టి మూకుట్లో పోసింది. కూనలు మొదట వాసన చూసి వెనక్కి తగ్గాయి. తర్వాత నల్లది గురగురమంటూ మూకుడు మీద పడింది. అంత చిన్న గొంతులోంచి అంత శబ్దం ఎలా వచ్చిందా అని మేమంతా చుట్టూ చేరి చూశాం. పెరుగన్నం తినేటప్పుడు అవి ఎప్పుడూ గురగురమనలేదు.

సోమవారం పొద్దున అత్త తాళం తీసి, తలుపు తోసి, వెంటనే మళ్ళీ మూసేసింది.

ఆ వాసన గురించి రాయడానికి సిగ్గేమీ లేదు. వాసన కూడా ఒక విషయమే. పాలన్నం రోజుల్లో పులుపు వాసన. ఇప్పుడొచ్చింది వేరు. కుళ్ళిన గుడ్డుకు చేపల బుట్ట కడిగిన నీళ్ళు కలిపినట్టు. తమిళంలో కవిచ్చి అంటారు, పచ్చి మాంసపు నీచు; దాని అడుగున ఇంకేదో తియ్యటి కంపు. తట్టలోనే కాదు, నేలమీద, బెంచీ కింద, కీర్తనల పుస్తకాల అట్టల మీద కూడా. నురగ నురగగా పసుపుపచ్చగా ఉంది. కూనలు మూలన ముద్దగా పడుకుని ఉన్నాయి, తోకల కింద తడి. అత్త బూడిద చల్లి, సున్నం నీళ్ళతో కడిగింది. గురువారానికి కూనలు కాస్త తేరుకున్నాయి. ఆదివారం వచ్చింది, మళ్ళీ పొట్లాలొచ్చాయి, సోమవారం మళ్ళీ అదే.

మూడో వారానికి వాసన గదిలోంచి గుడిలోకి వచ్చేసింది. మౌన ప్రార్థన సమయంలో, అందరూ తలలు వంచుకుని ఉండగా, పక్కగదిలోంచి ఒక చిన్న శబ్దం వినిపించింది. ఆ తర్వాత దాని వాసన. ముందు బెంచీలోని ఆడపిల్లల భుజాలు ఊగడం చూశాను. నా భుజాలు కూడా ఊగి ఉంటాయి.

మాకు పాస్టరు అయ్యగారు నెలకోసారి వచ్చేవాడు, బల్ల ఆరాధనకు. రొట్టె విరిచి, ద్రాక్షరసం ఇచ్చి, మరో ఊరి సంఘానికి పోయేవాడు. మిగిలిన ఆదివారాలు ఆరాధన నడిపేది సంఘ పెద్ద. ఆయన రైల్వేలో గార్డు పని చేసి విరమించిన మనిషి. పొడుగు చేతుల తెల్లచొక్కా, జేబులో ఇంకా ఆ గొలుసు గడియారం. పచ్చజెండా ఊపినంత తేలిగ్గా ప్రార్థన మొదలుపెట్టేవాడు. ఎర్రజెండా మాత్రం ఆయన దగ్గర ఉండేది కాదు. దేశాన్ని, దాన్ని ఏలేవాళ్ళను, సరిహద్దులో సిపాయిలను, రైళ్ళను, రైళ్ళలో ప్రయాణం చేసేవాళ్ళను, వానను, రోగులను ఒక్కొక్కరిని పేరు పేరునా దేవుడి ముందు పెట్టేవాడు. ఎవరినీ వదలడు. ఆయన ప్రార్థనలో మన పేరు వస్తే ఆ వారమంతా ఒక ధైర్యంగా ఉండేది. ఇది నేను నిజంగా చెప్తున్నాను.

ఆ ఆదివారం ఆయన మా అత్తను గది గుమ్మం దగ్గరకు పిలిచాడు. కోపంగా లేడు. బాధగానే ఉన్నాడు.

"ఈ కంపులో అయ్యగారు రొట్టె ఇరుస్తాడా చెల్లీ? బల్ల ఆదివారానికి గుడి గుడిగా ఉండాల. లేదంటే వాటిని గోనెలో ఏసుకోని పొయ్యి తామరైపాక్కం దగ్గర ఏటికవతల వదిలి వస్తా. నీళ్ళు దాటించినాక పిల్లి తిరిగి రాదు."

"గోనె నేనే ఇస్తాలే అన్నా," అంది అత్త. "అందాకా ఆగు."

అని ఊరుకోలేదు. మంచి గోనె ఒకటి దులిపి, గది తలుపు వెనక మేకుకు తగిలించింది. ఎందుకత్తా అంటే, కళ్ళముందు ఉంటే మనకు బుద్ధి ఉంటుంది అంది. ఆ నెల బల్ల ఆదివారం అప్పుడే గడిచింది. మళ్ళీ అయ్యగారు వచ్చేలోపు కూనల కడుపు కుదరాలి. కుదరకపోతే అవి ఏటి అవతల. చిత్తిరై నెల ఎండల్లో ఆ ఇసుకలో వాటికి తిండెక్కడ, నీడెక్కడ.

సంఘంలో ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు చెప్పారు. దానిమ్మ తొక్క అరగదీసి నాకించమన్నారు ఒకరు. దిష్టి అన్నారొకరు, అని వెంటనే నాలుక కరుచుకున్నారు. రక్తమే కారణం, రక్తం తినకూడదని ధర్మశాస్త్రంలోనే ఉందని ఇంకొకామె గట్టిగా వాదించింది. ఆ మాట పట్టుకుని అందరూ మాంసాన్ని పసుపు, ఉప్పు వేసి తెల్లగా పాలిపోయేదాకా కడిగి తేవడం మొదలుపెట్టారు. ఆ ఆజ్ఞ మనుషులకు ఇచ్చింది కదా, పిల్లికి కాదు కదా అని నాకు లోపల్లోపల అనుమానమే. అయినా కడిగాం. సోమవారం కంపు తగ్గలేదు.

సంఘ పెద్ద తన వంతు తాను చేశాడు. నాలుగో ఆదివారం ప్రార్థనలో, రోగులందరూ అయ్యాక, గొంతు కాస్త తగ్గించి, పక్కగదిలో ఉన్న నోరులేని ప్రాణుల కడుపులను కూడా బాగుచేయమని అడిగాడు. గోనెలో వేస్తానన్న మనిషే. మా అత్త కళ్ళు తుడుచుకుంది. ప్రార్థన ఇంకాస్త పొడుగైంది.

ఆ వారం మధ్యలో మా అమ్మకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే కండిగైకి వెళ్ళాను. తిరుత్తణిలో దిగి, సంతకు పోయే ఎడ్లబండి పట్టుకున్నాను. అమ్మకు మామూలు జ్వరమే. మర్నాటికి లేచి కూర్చుంది. నాకు పని లేదు. దొడ్లో గడ్డివాము పక్కన మా పిల్లి కూడా కూనలతో ఉందని చూసి, అక్కడ తిరగలి రాయి మీద కూర్చున్నాను. చాలాసేపే కూర్చున్నాను. అమ్మ వచ్చి, అత్తగారింట్లో పని నేర్పలేదా నీకు, పిల్లులకు కాపలా కూర్చున్నావు అని ఎగతాళి చేసి పోయింది.

మధ్యాహ్నం తల్లి పిల్లి ఒక చుంచెలుకను తెచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది. కూన ఒకటి దాన్ని వదిలినప్పుడు నేను వేలు పెట్టి చూశాను. కూనలు దాన్ని అక్కడికక్కడే తిన్నాయి. ఒక్క ఎలుక, మూడు కూనలు. కడుపు నిండినంత కూడా కాదు. మిగిలిన తోకా, పేగు ముక్కా తల్లే తినేసింది. దాచలేదు. మళ్ళీ పొద్దుగూకాక ఇంకోటి తెచ్చింది, మళ్ళీ అంతే. ఆ గడ్డివాము దగ్గర నేల వాసన, గడ్డి వాసన తప్ప ఏమీ లేదు. నేను వంగి కూనల దగ్గర కూడా వాసన చూశాను. ఎండలో ఆరిన దుప్పటి వాసన. అవి వెళ్ళినచోటు వెతికితే మట్టిలో చిన్న నల్లటి ఉండలు, ఎండి ఉన్నాయి. చేత్తో తీసినా అంటుకోవు.

ఇవీ పచ్చిదే తింటున్నాయి, రక్తంతో సహా. అవీ పచ్చిదే తింటున్నాయి, పసుపుతో కడిగి మరీ. మరి వాటికెందుకా కంపు? తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అదే ఆలోచన. పచ్చిదనం కాదు. రక్తం కాదు. తల్లి తెచ్చినదానికీ మేం తెచ్చినదానికీ మధ్య తేడా ఏమిటి?

ఆదివారం నేను అందరికంటే ముందు గుడికి పోయాను. పొట్లాలు ఒక్కొక్కటే రావడం మొదలైంది. ఒక్కొక్కటి తీసి బల్లమీద పెడుతూ వాసన చూశాను. పసుపు, తామరాకు పచ్చివాసన, కొంచెం నీచు. అంతే. ఆరాధన మొదలైంది. కీర్తనలు, వాక్యం, సాక్ష్యాలు. తర్వాత కానుకల ప్రార్థన. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది, ఇప్పటికీ చాలా సంఘాల్లో ఉంది. బల్లమీద పెట్టిన కానుకను ప్రార్థన కాకముందు ముట్టుకోరు. మొదటి ఫలం అయినా, పిడికెడు బియ్యం అయినా, గుమ్మడికాయ అయినా, దేవుడికి అప్పగించాకే అది ఎవరి చేతికైనా పోవాలి. కానుకల ప్రార్థన అన్నిటికీ చివర. ఆ ప్రార్థన పెద్దదే.

పెంకుల మీద ఎండ. కిటికీలోంచి ఎండ పలక ఒకటి నేలమీద పాకుతూ బల్ల ఎక్కింది. పొట్లాల మీదుగా మెల్లగా జరిగింది. సంఘ పెద్ద అప్పటికి సరిహద్దులో సిపాయిల దగ్గర ఉన్నాడు. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను, ముక్కు మాత్రం తెరిచే ఉంది. రైళ్ళ దగ్గరకు వచ్చేసరికి ఈగల చప్పుడు వినిపించింది. రోగుల దగ్గరకు వచ్చేసరికి నాకు ఆ అడుగున ఉన్న తియ్యటి కంపు తగిలింది. సన్నగా, కానీ అదే. సోమవారం తలుపు తీసినప్పుడు వచ్చేది. కూనల కడుపుల కోసం ఆయన అడుగుతున్నప్పుడు, వాటికి పెట్టబోయే మాంసమే బల్లమీద చెడిపోతూ ఉంది.

నాకు నవ్వు రాలేదు. భయం వేసింది. ఈ మాట ఎలా చెప్పాలి, ఎవరికి చెప్పాలి?

బియ్యాన్ని ఎంతసేపు ఆపినా బియ్యమే. గుమ్మడికాయ నెల ఆగుతుంది. మా కానుకల పద్ధతి వాటికి సరిపోయింది. మాంసాన్ని కానుకల్లో కలిపినప్పుడు మాలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. మా కూరకు పెట్టుకున్న మాంసాన్ని తడిగుడ్డ కప్పి నీడలో పెట్టి వచ్చేవాళ్ళం. దేవుడికి ఇచ్చిన చిటికెడును ఎండలో పెట్టాం.

నేను అత్తకు మాత్రమే చెప్పాను. ఆమె ఒక పొట్లం విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. దాన్ని మళ్ళీ కట్టి చేతిలో పట్టుకుని, గడియారం చూసుకుంటూ మెట్లు దిగుతున్న సంఘ పెద్ద దగ్గరకు నడిచింది. నేను వెనకే పోయాను.

"అన్నా, ఇది నీ ఇంట్లో అయితే వండుకుంటావా?"

ఆయన వాసన చూసి తల వెనక్కి లాగేసుకున్నాడు. "ఎవురు తెచ్చిరి ఇది? చెడిపోయిన మాంసం దేవుడి బల్లమీద పెడతారా?"

"మీ ఇంటిదే. వదిన తెల్లార్తో తెచ్చింది. తెచ్చినప్పుడు మంచిదే."

ఆయనకు అర్థమైందని ఆయన చెవులు ఎర్రబడ్డప్పుడు తెలిసింది. "అంటే నా ప్రార్థన కంపు కొట్టిందంటావా?"

"ప్రార్థన చెడదన్నా. మాంసం చెడతాది," అంది అత్త. "బండి టయానికే వచ్చింది. నువ్వే సిగ్నల్ ఇయ్యలే."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఆయన ముఖంలో దెబ్బ తగిలినట్టు కనిపించింది. నాకు అది చూడలేక, పిలవని పేరంటానికి పోయినట్టు నేను నోరు తెరిచాను. ఆదివారం బడిలో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో ఆ పాఠం. అరణ్యంలో పరలోకం నుంచి కురిసిన మన్నా, తెల్లారేదాకా దాచుకుంటే పురుగుపట్టి కంపు కొట్టింది.

"అయ్యా, మన్నా కూడా దేవుడిచ్చిందే కదా. దాచిపెట్టినోళ్ళకు కంపే మిగిలింది. ఏనాటిది ఆనాడే అన్నాడు."

ఆయన నా వైపు తిరిగాడు. కోడలు పిల్ల తనకు వాక్యం చెప్పడం బాగుందా బాగులేదా అని తూచుకుంటున్నట్టు కనిపించాడు. చివరకు గడియారం మూత టక్కుమని మూసి, "అవును. అట్లనే ఉండాది," అన్నాడు. ఇంటికి పోయాడు.

ఆ రోజు పొట్లాలన్నీ గొయ్యి తీసి పూడ్చిపెట్టాం. కూనలకు పెట్టలేదు. నల్లది చాలాసేపు ఆ గొయ్యి చుట్టూ తిరిగింది.

మిగిలింది రెండు ఆదివారాలే. నా కండిగై సంగతులన్నీ విని, మిగతా సగం సంగతి అత్త పట్టుకుంది. ఎండది ఒక తప్పు, ఇంకో తప్పు మనం ఒక్కసారిగా పెట్టడం అంది. మూడు రోజుల ఉపవాస ప్రార్థన ముగిసినప్పుడు మేం ఏం చేస్తామో ఆమె గుర్తుచేసింది. మొదట గంజి తేట, పొద్దెక్కాక పలచటి గంజి, రాత్రికి మెత్తటి అన్నం. కూర మర్నాడు. ఒకసారి మా బంధువు ఒకాయన ఉపవాసం విడుస్తూనే పొట్టేలు కూర తిని, సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడి, చెప్పకుండానే బయటికి పరిగెత్తాడు. ఆ కథ మా సంఘంలో అందరికీ తెలుసు. పుట్టినప్పటినుంచీ పాలమీదున్న కడుపు కూడా ఉపవాసం ఉన్న కడుపులాంటిదే, దాన్ని మెల్లగా పిలవాలి అంది అత్త.

అందుకని ఇళ్ళకు వంతులు వేసింది, గృహప్రార్థనలకు వేసినట్టే. ఒక రోజు ఒక్క ఇల్లు, ఒక్క రకం. ఆదివారం కాని రోజుల్లో మాంసం ఎక్కడిది అంటే, వంతు వచ్చిన ఇల్లు గంపలో చేపలు తెచ్చే ఆమె దగ్గర చిన్న చేప ఒకటి కొంటుంది. వేలి గోరంత ముక్క, అప్పుడే కోసింది, మిగతా అంతా గంజి కలిపిన అన్నం. పాలు పూర్తిగా మానేశాం. మర్నాడు తట్ట చూసి, బాగుంటే ముక్క కాస్త పెరిగేది, అన్నం కాస్త తగ్గేది. బాగులేకపోతే వెనక్కి. ప్రతి ఉదయం తట్ట ముందు అత్తా నేనూ గొంతుక్కూర్చునేవాళ్ళం. చేప తిన్న రోజు వాసన ఒకటి, కోడి గుండెకాయ తిన్న రోజు వాసన ఒకటి. కొవ్వు ఎక్కువైతే మెరుస్తూ జిడ్డుగా. తిన్నదేమిటో, అది ఏమవుతుందో ఇన్నేళ్ళలో ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. మనల్ని ఎంత విచిత్రంగా నిర్మించాడో అని కీర్తనకారుడు ఆశ్చర్యపడ్డాడు. నేను పిల్లుల తట్ట ముందు ఆశ్చర్యపడ్డాను. అది తప్పనిపించలేదు.

తర్వాతి ఆదివారం సంఘ పెద్ద గుడి మెట్ల దగ్గరే నిలబడ్డాడు. వంతు ఇంటి ఆమె తామరాకుతో వచ్చింది. ఆయన పొట్లం మీద చెయ్యి పెట్టి, అక్కడే, చెప్పులు కూడా విడవకుండా, ఇచ్చినవాడివి నువ్వే, తినేవీ నీ ప్రాణులే, ఆమేన్ అన్నాడు. ఆయన నోట అంత పొట్టి ప్రార్థన విని ఆమె తలెత్తి, ఇంకా ఉందేమో అని కాసేపు అట్లే నిలబడిపోయింది. అత్త పొట్లం తీసుకుని నేరుగా గదిలోకి పోయింది. లోపల కానుకల ప్రార్థన మాత్రం ఎప్పటిలాగే సాగింది. సిపాయిలు, రైళ్ళు, రోగులు. ఎవరినీ తగ్గించలేదు.

నల్లదీ చారలదీ కుదురుకున్నాయి. ముందు పొట్టలు తగ్గాయి, తర్వాత వాసన తగ్గింది. వాటి నోటి దగ్గర ముక్కు పెడితే పాల రోజుల పులుపు లేదు. బూడిద రంగుదే కుదరలేదు. ఎంత చిన్న ముక్క పెట్టినా, ఎంత తాజాగా పెట్టినా సాయంత్రానికి నీళ్ళలా వెళ్ళేది. బల్ల ఆదివారానికి ముందు శుక్రవారం అది మళ్ళీ గదంతా పాడుచేసింది. అత్త కడిగింది. కడిగి లేచేటప్పుడు తలుపు వెనక గోనె ఆమె భుజానికి తగిలింది. దాన్ని పక్కకు నెట్టి బయటికి వచ్చి మెట్లమీద కూర్చుంది. ఇదొక్కదాన్ని ఆయన ఏటికి తీసుకుపోతే నేను ఆపలేను మే, మాట మాటే అంది.

శనివారం దానికి పచ్చిది మానేసి, చేపను ఉడకబెట్టి, ముల్లు తీసి, గంజన్నంలో పిసికి పెట్టాను. పచ్చి కాదు, పాలు కాదు. రెండింటి మధ్యది. అది నెమ్మదిగా తిని, మూకుడు నాకి, పడుకుంది.

ఆదివారం పొద్దున అయ్యగారి రైలు రాకముందే సంఘ పెద్ద వచ్చాడు. బండి బయలుదేరేముందు పెట్టెల కొసదాకా నడిచి చూసే మనిషి, ఆ పాత నడకతోనే గదంతా తిరిగాడు. బెంచీ కింద వంగి చూశాడు. కీర్తనల పుస్తకం ఒకటి తీసి అట్ట వాసన చూశాడు. తట్ట దగ్గర ఆగాడు. బూడిదలో రెండు నల్లటి ఎండు ఉండలు, ఒకటి కొంచెం మెత్తటిది. ఆ మూడోది ఎవరిదని అడిగాడు. బూడిద రంగు దానిది, దానికి ఉడికిందే పడుతుందన్నా అని అత్త చెప్పింది. చేతులు కొంగులో చుట్టుకుని నిలబడి ఉంది.

గుమ్మం పక్కన గోడవారన సగం తిన్న ఎలుక ఉంది. రాత్రి పని, నల్లదాని పని. ఆయన దాన్ని చెప్పు కొసతో కదిపి చూశాడు.

"దీనికి ప్రార్థన అయిందా?"

"అది ఆగలేదన్నా," అంది అత్త.

ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. పళ్ళు కనిపించకుండా, కడుపు మాత్రం కదిలింది. తర్వాత ఎప్పటి ముఖం పెట్టుకుని, స్టేషన్‌కు పోవడానికి తొందరగా మెట్లు దిగాడు.

ఆ రోజు అయ్యగారు రొట్టె విరిచినప్పుడు గుడంతా మౌనంగా ఉంది. నేను తల వంచుకుని, నాకు తెలియకుండానే వాసన చూస్తున్నాను. తడి సున్నం, ఇత్తడి గిన్నె తోమిన చింతపండు, ద్రాక్షరసం. ఎవరి జడలోనో మల్లెలు. అంతే.

బూడిద రంగుది చివరిదాకా ఉడికినదే తింది. ఎప్పుడూ ఎలుకను పట్టలేదు. ముసలిదై, అత్త ఒళ్ళోనే పోయింది. దాన్ని ఎవరూ ఏటికి తీసుకుపోతామనలేదు. పాలవాడూ ఉంటాడు, బలమైన ఆహారంవాడూ ఉంటాడు, ఒకే బల్ల అని మా అత్త అంటూండేది. అపొస్తలుడు అక్కడిదాకా రాశాడో లేదో నాకు తెలియదు.

ఆ బల్ల ఆదివారం ఆరాధన అయ్యాక డబ్బాలన్నీ గదికి చేరాయి. పాత గోనె తూట్లు పడిపోయి ఉంది. బియ్యం దేంట్లో పోయాలని సంఘ పెద్ద అడిగాడు. అత్త తలుపు వెనకకు పోయి మేకుకున్న గోనె తీసింది, బయట దులిపి తెచ్చింది. ఆయన దాని మూతి రెండు చేతులతో తెరిచి పట్టుకున్నాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పిడికెళ్ళు పోశారు.